28 మిల్లీమీటర్ల తాత

మా నాన్న షోకేసులో మా తాత మూడేళ్లపాటు తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. ఎత్తు 28 మిల్లీమీటర్లు. అంటే అరికాలి నుంచి కళ్ల దాకా. ఈ బొమ్మల కొలత అలాగే చెబుతారు. నెత్తిమీద టోపీ ఉంటుందో, తలపాగా ఉంటుందో, ఈకల కుచ్చు ఉంటుందో తెలీదు కాబట్టి కళ్ల దగ్గర ఆపేస్తారు. తగరం కలిసిన తెల్లలోహంతో పోతపోసిన బొమ్మ అది. రంగులు వేసింది నేను. కింద చెక్కదిమ్మ మీద ‘బర్మా, 1944’ అని రాసిందీ నేనే.

ఆ బొమ్మలో ఒక తప్పు, ఒక అబద్ధం ఉన్నాయి. తప్పు రంగులో ఉంది, అది నాది. అబద్ధం చేతిలో ఉంది. అది నాకు తెలిసేనాటికి నాన్న ఆ బొమ్మని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించేశాడు.

ఈ పిచ్చి నాకు నాటింగ్‌హామ్‌లో అంటుకుంది. 2012లో ఉద్యోగం మీద వెళ్లి నాలుగేళ్లున్నాను. ఇలాంటి చిన్న సైనికుల బొమ్మల తయారీకి ఆ ఊరూ దాని చుట్టుపక్కలా పెద్ద నెలవు. చలికాలం సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోయేది. గదిలో ఒక్కణ్ణీ ఏం చెయ్యాలో తోచేది కాదు. ఆఫీసులో ఒకతను ఓ గురువారం సాయంత్రం చర్చి పక్కనున్న హాలుకి తీసుకెళ్లాడు. పెద్ద బల్లమీద వాటర్లూ యుద్ధం పరిచి ఉంది. వందల బొమ్మలు. ఒక్కోటి నా బొటనవేలంత. ఒక్కోదానికీ గుండీలున్నాయి, కనుబొమలున్నాయి. దాని చుట్టూ అరవై ఏళ్లు దాటిన మగవాళ్లు చిన్నపిల్లల్లా కొలతల టేపు పట్టుకుని వాదించుకుంటున్నారు. నవ్వొచ్చింది. ఒకాయన నా నవ్వు చూసి ఏమీ అనకుండా కుర్చీ లాగి, నా చేతిలో ఒక బ్రష్షు, నల్లగా ప్రైమర్ కొట్టిన ఒక ఫ్రెంచి సిపాయిని పెట్టాడు. రాత్రి తొమ్మిదింటికి తలెత్తాను. ఆకలి కూడా తెలీలేదు.

తెలియనివాళ్ల కోసం ఈ పని గురించి నాలుగు ముక్కలు చెబుతాను. ముందు బొమ్మని సబ్బునీళ్లతో కడగాలి. పోతపోసేటప్పుడు అచ్చుకి పూసిన పొడో జిడ్డో మిగిలుంటే రంగు నిలవదు. ఆరాక ప్రైమర్. దానిమీద ఎక్రిలిక్ రంగు, నీళ్లు కలిపి, పాలలా పలచగా. ఒకే పూత దట్టంగా వేస్తే గుండీలూ మడతలూ పూడుకుపోతాయి. రెండు మూడు పలచటి పూతలు వెయ్యాలి. ఎక్రిలిక్ అంటే నీళ్లలో తేలే ప్లాస్టిక్ రేణువులు, వాటి మధ్య రంగు పొడి. నీరు ఆవిరైతే రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుని పొరైపోతాయి. ఇక నీళ్లు పోసినా కరగదు. తడిగా ఉన్నప్పుడు ఆ జిగురు కాస్త తెల్లగా ఉంటుంది, ఆరాక తేటపడుతుంది. అందుకే సీసాలో చూసిన రంగుకంటే ఆరిన రంగు ఒక పిసరు ముదురు. కొత్తలో ఇది తెలీక రెండు పటాలాల సైన్యాన్ని పాడుచేశాను.

ఆ తర్వాత వాష్. బాగా పలచటి ముదురు రంగుని బొమ్మంతా పారిస్తే మడతల్లోకి దిగి నీడలా నిలుస్తుంది. చివరికి మోకాలు, మోచెయ్యి, ముక్కు, ఇలా పొడుచుకొచ్చిన చోటల్లా లేతరంగు. ఇదంతా ఎందుకు, నిజం చొక్కా ఏ రంగైతే అదే రంగు వేసేస్తే పోదా అని నా భార్య అడిగింది. పోదు. మనిషి చొక్కా మడతలో నీడ దానంతటదే పడుతుంది. బొమ్మ చొక్కా మడత అర మిల్లీమీటరు లోతు కూడా ఉండదు. అందులో నీడ పడేంత చోటుండదు. మనిషిని చిన్నది చెయ్యొచ్చు కానీ వెలుగుని చిన్నది చెయ్యలేం. అందుకని నీడని మనమే వెయ్యాలి, ఎండనీ మనమే వెయ్యాలి. అసలు రంగుని కూడా కాస్త లేతచెయ్యాలి, ఎందుకంటే చేతిలో ఉన్న ఆ బొమ్మ మన కంటికి యాభై గజాల దూరంలో ఉన్న మనిషి.

హైదరాబాదుకి తిరిగొచ్చాక ఇంకో చదువు మొదలైంది. మే నెలలో ఇక్కడ రంగు బ్రష్షు కొసమీదే ఆరిపోతుంది. ఇంగ్లండులో అందరూ ‘వెట్ పాలెట్’ అని కొనుక్కునేవాళ్లు. నేను వెడల్పాటి టిఫిను డబ్బాలో గిన్నెలు తోముకునే స్పాంజి తడిపి పెట్టి, పైన బటర్ పేపరు పరిచాను. మూత పెడితే కలిపిన రంగు మూడు రోజులుంటుంది. పుట్టీ కావాలంటే ఎం-సీల్, అతికించడానికి ఫెవిక్విక్. స్పెయిన్ నుంచి వచ్చే వల్లెహో సీసాలు ఖరీదు కాబట్టి మొహాలకీ బట్టలకీ దాచుకుని, నేలకీ దిమ్మలకీ ఫెవిక్రిల్ వాడతాను.

అసలు చిక్కు వచ్చింది చర్మం దగ్గర. ‘ఫ్లెష్’ అని పేరున్న సీసా ఏది తీసినా అందులో ఉండేది తెల్లవాళ్ల ఒళ్లే. నాలుగేళ్లు ఆ సీసాతోనే నెపోలియన్ సైన్యానికీ వెల్లింగ్టన్ సైన్యానికీ మొహాలు వేశాను, ఏమీ అనిపించలేదు. తాత బొమ్మ మొదలుపెట్టినప్పుడు మాత్రం టేబులు ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. ముదురు గోధుమరంగు తీసుకుని తెల్లరంగు కలుపుతూ వెలుగులు వేశాను. తాత బూడిద పూసుకున్నట్టు తయారయ్యాడు. మన ఒంటిమీద ఎండ పడితే తెల్లబడదు, పసుపు తిరుగుతుంది. బర్న్ట్ అంబర్‌లో కొంచెం ఎరుపు, వెలుగుకి యెల్లో ఓకర్, నీడకి రవ్వంత నీలం. ఆ పాళ్లు కుదరడానికి నెల పట్టింది. అద్దం ముందు నా ముంజేయి ఎండలో పెట్టుకుని చూసుకుంటూ కలిపాను.

మా దగ్గరున్నది తాత ఫొటో ఒక్కటే. స్టూడియోలో తీసింది. నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు, నడుంకి వెడల్పు బెల్టు, చేతులు రెండూ ఖాళీగా పక్కన. నలుపు తెలుపు ఫొటోలో ఖాకీ అయినా ఆకుపచ్చ అయినా ఒకటే బూడిదరంగు. నాన్ననడిగాను. “ఖాకీయే. మిలట్రీ అంటే ఖాకీ కాదా? తుపాకీ పెట్టు చేతిలో. బర్మాలో జపానోళ్ల మీద పోరాడాడు” అన్నాడు. సాక్ష్యంగా పెట్టెలోంచి బర్మా స్టార్ తీశాడు. ఆరు మొనల చుక్క, నీలం, ఎరుపు, నారింజ చారల రిబ్బను. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. బడిలో నేను కూడా అందరికీ చెప్పుకున్నదే.

కాబట్టి ఖాకీ వేశాను, తుపాకీ పెట్టాను. 2019 సంక్రాంతికి విశాఖపట్నం తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టాను. మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు, పొగడ్త ఆయన నోట రాదు. భూతద్దంతో పావుగంట చూసి, షోకేసులో పింగాణీ బొమ్మల్ని తీయించి, మధ్య అరలో మెడలు పక్కన నిలబెట్టాడు.

2022లో పెళ్లికని ఉద్దానంలో మా ఊరెళ్లాను. మేనత్త అక్కడే ఉంటుంది. నాన్నకంటే ఆరేళ్లు పెద్ద. భోజనాలయ్యాక అరుగుమీద కూర్చున్నప్పుడు సెల్‌ఫోన్‌లో బొమ్మ ఫొటో చూపించాను.

“తుపాకేట్రా మీ తాత సేతిలో?”

“బర్మా యుద్ధం కదత్తా.”

“యుద్దానికెక్కడెల్లేడు? రోడ్డెయ్యడానికెల్లేడు. పలుగూ పారా. రాయి దొరకని దేశమంట అది. ఇటికలు కాల్చి, ఆ ఇటికల్తో రోడ్డేసేవోరంట. నాకు సెప్పేవోడు కాదేటి? నీకు తుపాకని ఎవులు సెప్పేరు?”

ఎవరు చెప్పారో చెప్పలేదు. అత్త లేచెళ్లి రేకుపెట్టెలోంచి మడతలు చిరిగిన కాగితం ఒకటి తెచ్చింది. డిశ్చార్జి సర్టిఫికెట్. 1946. టైపు అక్షరాలు వెలిసిపోయినా ‘ఇండియన్ పయనీర్ కోర్’ అన్నది చదవడానికి వచ్చింది. సంతకం చోట వేలిముద్ర.

పయనీర్లంటే రోడ్లు వేసేవాళ్లు, ఓడల్లోంచి సామాను దించేవాళ్లు, విమానాలు దిగడానికి నేల చదును చేసేవాళ్లు. సైన్యంలో వాళ్లే, యూనిఫాం ఉంది, జీతం ఉంది, బాంబు పడితే చావూ ఉంది. బర్మా స్టార్ కూడా నిజమే. అది ఆ యుద్ధరంగంలో పనిచేసినవాళ్లకి ఇచ్చేది, కాల్చిన గుళ్లు లెక్కపెట్టి ఇచ్చేది కాదు.

రాత్రి పెరట్లో మంచం మీద పడుకున్నాను, నిద్ర పట్టలేదు. ఇటికల రోడ్డు. ఆ మాట నేను ఎక్కడో చదివాను. బర్మాలో పద్నాలుగో సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ తన ‘డిఫీట్ ఇంటూ విక్టరీ’లో రాశాడు. అరకాన్ తీరంలో రోడ్డుకి రాయి దొరక్క, దారి పొడుగునా బట్టీలు పెట్టించి ఇటికలు కాల్పించి పరిపించామని. ఆ పుస్తకం నా దగ్గర ఉంది. యూనిఫాంల గురించీ ఆయుధాల గురించీ వెతుక్కుంటూ రెండుసార్లు చదివాను. ఆ పేజీ దగ్గర రెండుసార్లూ ఆగలేదు. బొమ్మకి పనికొచ్చే సంగతి అందులో ఏమీ లేదనిపించింది కాబోలు.

పొద్దున్న అత్త ఇంకోటి చూపించింది. పశువులశాల గుంజకి మేకు మీద వేలాడుతున్న గుడ్డపట్టీ. తాత బెల్టు. “దూడని కట్టేవోళ్లం దాంతోటి. గట్టిదిరా” అంది. ఎండకీ వానకీ పేడకీ అది మట్టిరంగులోకి వచ్చేసింది. బకిలు దగ్గర మడత విప్పి చూశాను. వెలుగు తగలని ఆ రెండంగుళాల మేర ముదురు ఆకుపచ్చ. అడవి యుద్ధానికని 1943 తర్వాత అక్కడి సైన్యానికి ఖాకీ తీసేసి ఇచ్చిన ఆకుపచ్చే అది. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకుంటే రంగు నిజంగా రాదని తెలుసు. వల్లెహో రంగుల పట్టిక సంచిలోనే ఉంది. మడత పక్కన పెట్టి పోల్చుకున్నాను. దూడ నన్ను వింతగా చూసింది.

తాత ఎందుకు వెళ్లాడో కూడా అత్తే చెప్పింది. తాత బాబాయి రంగూను రేవులో మూటలు మోసేవాడు. మా వైపు నుంచి రంగూను వెళ్లడం అప్పట్లో కొత్తేమీ కాదు. బర్మావాళ్లు తెలుగు కూలీల్ని కోరంగీలనేవాళ్లు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. 1942లో జపాన్ వాళ్లు వచ్చినప్పుడు లక్షలమంది కాలినడకన కొండలు దాటి తిరిగొచ్చారు. ఆ బాబాయి రాలేదు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. బర్మా బియ్యం ఆగిపోయింది, ధరలు మండిపోయాయి. రోజూ అన్నం పెట్టి నెలకి జీతమిస్తారని తాత చేరాడు. బర్మాకే పంపారు. బాబాయి ఎక్కడైనా కనిపిస్తాడేమోనని పని ఉన్న ప్రతిచోటా అడిగేవాడట.

హైదరాబాదు వచ్చాక రెండు నెలలు బ్రష్షు పట్టుకోలేదు. సమస్య రంగుది కాదు. నాన్నకి తెలీదా? లెక్కల మాస్టారు, ఇంగ్లీషు చదవగలడు, ఆ కాగితం చూడకుండా ఉంటాడా? తెలిసుంటే డెబ్బైనాలుగేళ్ల మనిషితో ఇప్పుడా సంగతి ఎత్తడం దేనికి? అమ్మనడిగితే “వదిలేద్దూ, ఆయన సంతోషం ఆయన్ది” అంది. అదీ నిజమే. కానీ ఒక సిపాయి కోటు కాలరు పసుపా తెలుపా అని తేల్చుకోవడానికి నేను వారం రోజులు పుస్తకాలు తిరగేసే మనిషిని. ముక్కూ మొహం తెలీని ఫ్రెంచివాడి కాలరుకి ఇచ్చిన మర్యాద సొంత తాత చేతులకి ఇవ్వకపోతే ఎలా?

పయనీరు బొమ్మ కోసం వెతికాను. బర్మా యుద్ధానికి బొమ్మలు బోలెడు. గురిచూసేవాడు, పరిగెత్తేవాడు, కత్తి దూసినవాడు, బాంబు విసిరేవాడు. పార పట్టుకున్న బర్మా సిపాయి నాకు ఒక్కడూ దొరకలేదు. రెండు యుద్ధాల మధ్య మద్రాసు పదాతి పటాలాల్ని రద్దుచేసి, దక్షిణాదివాళ్లు పోరాటానికి పనికిరారని తేల్చేసిన దొరలు, 1942లో అవసరం పడ్డాక మళ్లీ మద్రాసు రెజిమెంటుని నిలబెట్టారు. పద్ధెనిమిదో శతాబ్దంలో ఉత్తరాది జనం కుంఫిణీ సిపాయిని ‘తిలంగా’ అనేవాళ్లు, మొదట్లో ఆ సిపాయిలు తెలుగుదేశం నుంచి వెళ్లినవాళ్లు కాబట్టి. ఈ చరిత్ర తెలుసుకున్నప్పుడు నాకూ ఛాతీ పొంగింది. ఇప్పుడు ఆలోచిస్తే అందులోనూ నేను చూసుకున్నది తుపాకీనే.

ఇక సొంతంగా చేసుకోవాల్సిందే. అదే పోత బొమ్మ ఇంకోటి తెప్పించాను. కంసాలి రంపంతో తుపాకీ కోసేశాను. దాంతోపాటు అరచేతులు కూడా పోయాయి. అర మిల్లీమీటరు డ్రిల్లుతో మణికట్టుకి బెజ్జం వేసి, ఇత్తడి తీగ దూర్చి, ఎం-సీల్‌తో వేళ్లు చేశాను. తీగ కొసని సుత్తితో సాగ్గొట్టి పార రేకు చేశాను. దిమ్మమీద ఇటికలు, ఒక్కోటి మూడు మిల్లీమీటర్లు, నలభై ముక్కలు. చొక్కాకి బెల్టు మడతలోంచి తెచ్చుకున్న ఆకుపచ్చ, వీపు మీద చెమటకి ఒక ఛాయ ముదురు. మొహానికి పాత పాళ్లే.

దసరాకి తీసుకెళ్లాను. ఏమీ చెప్పకుండా బల్లమీద పెట్టాను. నాన్న చూశాడు. భూతద్దం తియ్యలేదు. “అక్క చెప్పిందా?” అన్నాడు. అవునన్నాను. లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. అమ్మ నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది.

చాలాసేపటికి నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. రోడ్డు చూస్తూనే మాట్లాడాడు. మూడో తరగతిలో పక్క వీధి కుర్రాడి తండ్రి కూడా మిలట్రీ నుంచి వచ్చినవాడే. ఆయనకి తుపాకీ ఉండేదట, పెన్షనొచ్చేదట. మా తాతకి పెన్షను లేదు. ఆ కుర్రాడు బడంతా వినేట్టు “మీ అయ్య పలుగు సిపాయి” అన్నాడు. ఆ రోజు నాన్న తుపాకీ కథ అల్లాడు. జపాన్ వాళ్లని ముగ్గుర్ని చంపాడని చెప్పాడు. తర్వాత తర్వాత అయిదుగురయ్యారు. “మీ తాతకి తెలిసింది. ఏమీ అన్లేదు. ‘చెప్పుకోనీ’ అన్నాడంట మీ నాయనమ్మతో. అన్నా బాగుండేదిరా.”

నేనేం మాట్లాడలేదు. లోపలికొచ్చాక ఆయనే భూతద్దం అడిగాడు. దీపం దగ్గరికి జరిపి బొమ్మని చుట్టూ తిప్పి చూశాడు. వీపు మీది చెమట చూశాడు. ఇటికలు లెక్కపెట్టాడేమో కూడా. చివరికి భూతద్దం పక్కన పెట్టాడు.

“ఇది పార కాదురా.”

“అదేంటి?”

“ఇది ఇంగ్లీషోళ్ల షవల్. కర్రా రేకూ ఒకే వరసలో ఉంది. దీంతో ముందుకి పొడిచి ఎత్తాలి. మన పార రేకు పిడికి అడ్డంగా ఉంటది, ఒంగుని తనవైపు లాగాలి. మీ తాత నిటారుగా నిలబడి పని చేసేడేంటి?” అని లేచి, లుంగీ ఎగ్గట్టి, కాళ్లు ఎడంగా పెట్టి, నడుం వంచి, రెండు చేతులూ భుజం మీదనుంచి కిందికి దించి ఒళ్లోకి లాగి చూపించాడు. మళ్లీ చూపించాడు. ఎడమ చెయ్యి కింద, కుడి చెయ్యి పైన. “మా అయ్యది ఎడమచేతివాటం” అన్నాడు. అది నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, నడుం పట్టేస్తుంది చాలు ఆపమంది.

ఆ బొమ్మని నాతో వెనక్కి తెచ్చేశాను. నడుం దగ్గర కోసి, ముందుకి వంచి, మళ్లీ అతకాలి. పిడికి రేకుని అడ్డంగా తిప్పాలి. చేతులు మార్చాలి. రంగంతా మళ్లీ మొదటినుంచి. షోకేసులో మధ్య అర ఖాళీగా ఉంది. పాత బొమ్మని నాన్న ఎక్కడ పెట్టాడో అడగలేదు. వారానికోసారి ఫోన్ చేసి, అమ్మ చేతికి ఇచ్చేముందు, “నడుం సరిగ్గా ఒంగిందా?” అని అడుగుతున్నాడు.